మూడో ఎపిసోడ్ మరునాడు

మహేశ్వరి హత్య మీద ఫోన్లలో, టీవీల్లో ప్రతి శుక్రవారం ఒక సిరీస్ వస్తోంది. మొదటి రెండు ఎపిసోడ్లూ చంపినవాడికే చాలలేదు. వాడి బడి, వాడి క్రికెట్టు, వాడి తల్లి కన్నీళ్లు! ఆదోని జిన్నింగ్ మిల్లులో పత్తి మోసి, ఆ మిల్లు సూపర్‌వైజర్ చేతిలో ప్రాణం పోగొట్టుకున్న పిల్ల మాత్రం ఆధార్ ఫోటోలో కాసేపు కనిపించి పోయింది. అయినా తండ్రి సోమన్న ఓర్చుకున్నాడు. హైదరాబాదు నుంచి వచ్చిన డైరెక్టర్ శ్రీహర్ష, "మీ అమ్మాయి గొంతు లోకానికి వినిపిస్తాం అంకుల్" అని మాటిచ్చాడు కదా.

మూడో ఎపిసోడ్‌ను ఎమ్మిగనూరులో వాళ్ల మగ్గాల వీధంతా ఎల్లప్ప ఇంట్లో కూర్చుని చూసింది. చివర్లో సోమన్న ముఖం తెర నిండా వచ్చింది. "బిడ్డ ఇంటికి రాలేదని తెలిసినా రెండ్రోజులు ఎవరికీ సెప్పలేదు సార్" అన్నాడు. దడదడమని మోత. బొమ్మ అక్కడే ఆగి, ఎపిసోడ్ అయిపోయింది.

ఆ మాటకు ముందు ఇంకో మాట ఉంది. మొదటిరోజే సోమన్న స్టేషన్‌కు పోతే, "ఎవనితోనో పోయింటుంది. ఊరంతా టాంటాం ఏసుకోవద్దు, రెండ్రోజులు సూడు, పో" అని తరిమేశారు. కెమెరా ముందు అదీ చెప్పాడు పాపం. దాన్ని కత్తిరించి దాచుకున్నారు మహానుభావులు.

తెల్లారితే సోమన్న పడుగుకు గంజి పెట్టే రోజు. నూలు పోగుల్ని వీధి పొడుగునా లాగి కట్టి, గంజి ఆరేలోపు నలుగురూ చెయ్యేసి కుంచెతో దువ్వాలి. ఒకరి పడుగుకు ఇంకొకరు రావడానికి ఆ వీధిలో పిలుపులు అక్కర్లేదు. ఆరోజు ఒక్కరూ రాలేదు. ఎల్లప్ప గడప మీదే నిలబడి, "నడుం పట్టింది సోమన్నా" అన్నాడు, కనీసం నడుం మీద చెయ్యి కూడా వేసుకోకుండా.

సోమన్న శ్రీహర్షకు ఫోన్ చేశాడు.

"మీరు స్టేషన్‌కు వెళ్లింది వచ్చే శుక్రవారం చూపిస్తాం అంకుల్. అంతదాకా సస్పెన్స్ ఉండాలి కదా."

"అంతదాకా నా తలకాయ యాడ పెట్టుకోవల్ల సార్?"

"ఒక్క వారం అంకుల్."

గంజి ఆరిపోతోంది. పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. సరోజమ్మ కొంగు దోపుకుని వచ్చి అవతలి కొసన కుంచె పట్టుకుంది. పెళ్లామైనా వచ్చిందని సోమన్నకు గుండె కుదుటపడింది. ఇద్దరూ చెరో కొస నుంచి దువ్వుకుంటూ ఎదురెదురుగా వచ్చారు.

సరోజమ్మ తలెత్తలేదు.

"ఏమయ్యా, ఆ పొద్దు నువ్వు నిజంగా టేసనుకు పోయినావా? నాకు నువ్వు సెప్పిందే గదా తెలిసేది."

సోమన్న చేతిలో కుంచె ఆగిపోయింది. బిడ్డ పోయినప్పుడు వచ్చిన ఏడుపు ఇప్పుడు రాలేదు.

"వచ్చే శుక్రవారం సూడు" అన్నాడు. "సూపిస్తారంట."