పాలిచ్చే తల్లుల మీది ఈగలు

గబ్బిలాలను పట్టిన గుడ్డసంచుల్ని నిరోషా వేడినీళ్లలో నానబెడుతుంటే అత్త బీరమ్మ గడపలోనే ఆగిపోయింది.

"ఇంట్ల సంటిపిల్ల ఉన్నది. జర ఫికరన్న లేదా నీకు?"

ఈ బకెట్ వేరే అని నిరోషా రెండేళ్లుగా చెబుతూనే ఉంది. భర్త ప్రేమ్‌సాగర్ ఫోన్లోంచి తలెత్తకుండా నవ్వాడు. "పేలు ఏరే నౌకరి, ఏం జేస్తవమ్మా!"

అవి పేలు కావు, రెక్కల్లేని ఈగలు. సాలీళ్లలా పాకుతూ గబ్బిలం బొచ్చులోనే బతుకుతాయి, దాని రక్తమే తాగుతాయి. రోజూ వికారాబాద్‌లో రైలెక్కి తాండూరు కాలేజీకి వెళ్లి, మూతపడ్డ నాపరాళ్ల షెడ్డులో పట్టిన గబ్బిలాల మీంచి వాటిని ఏరి సీసాల్లో వేయడం ల్యాబ్ అసిస్టెంటుగా ఆమె పని. పరిశోధన మాత్రం అక్కడి లెక్చరర్ మహిధర్ సారుది.

ఒక్క సంగతి ఆమెను తొలిచేది. మగ గబ్బిలం మీద రెండో మూడో ఈగలుంటే, పాలిచ్చే తల్లి మీద పదీ పన్నెండూ. ఎందుకని సారునడిగింది.

"పిల్లల తల్లులు గదా, శుభ్రం తక్కువుంటది. నువ్వు ఏరు. ఆలోచించుడు నాకిడిసిపెట్టు."

ఇంట్లో ఎనిమిది నెలల పాప ఉన్న నిరోషాకు ఆ మాట తననే అన్నట్టు తగిలింది. శుభ్రం తక్కువా? ఎవరైనా చూసి చెప్పారా, ఊరికే అనేశారా? ఆ తర్వాత పక్షం రోజులు మధ్యాహ్నం అన్నం మానేసి షెడ్డు కిటికీ దగ్గర నిలబడింది. మగవి ఒంటికాలితో వేలాడుతూ, రెండో కాలి గోళ్లతో తీరిగ్గా ఒళ్లంతా దువ్వుకుంటున్నాయి. తల్లి పొట్టను పిల్ల కరుచుకుని ఉంది. తల్లి కాలెత్తగానే పిల్ల కదిలేది. తల్లి కాలు దించేసి పిల్లను నాకేది. మళ్లీ ఎత్తేది, మళ్లీ దించేది. ప్రతిసారీ టైము రాసుకుంది నిరోషా. మురికి కాదు, తీరిక లేదు! ఎవరూ లేని ఆ షెడ్డు బయట పైకే నవ్వేసింది.

సారు నోటుబుక్కు చివరిదాకా తిరగేశారు.

"మస్తుగున్నది నిరోషా. సాఫ్‌గ రాసియ్యి, సెమినార్ల చెప్త."

జూన్‌లో ఆమె కాంట్రాక్టు పొడిగింపు మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. అది తలపుకొచ్చినా ఆగలేదు.

"రాసిన సార్. నా పేరు గూడ రాసిన," అంది. "చెప్పుడు గూడ నేనే చెప్త."