స్మార్ట్ లాక్ అంటే...

బట్టలు కుట్టే కార్ఖానాలో పనిచేసే ఆడవాళ్లు కొందరు మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ చుట్టూ చేరి ఇంగ్లీషు నేర్చుకుంటారు. వాళ్లకు ఫోన్‌లోనే పాఠం చెప్పే పంతులమ్మ మాత్రం ఎనిమిదో అంతస్తులో, తన ఇంట్లోనే ఉంటుంది. ఆ రోజు పాఠం ఇంట్లో వాడే సామాన్ల పేర్లు.

“మేడమ్, స్మార్ట్ లాక్ అంటే ఏంటి? టీవీలో చూశా,” అంది కాజాలు కుట్టే ఆమె.

తన ఇంటికి ఉన్నదే కాబట్టి పంతులమ్మ హుషారుగా అందుకుంది. “లాక్ అంటే తాళం. స్మార్ట్ అంటే తెలివైనది. దీనికి తాళంచెవి అక్కర్లేదు. మనం ఎక్కడున్నా సరే, ఫోన్‌లో నొక్కితే తలుపు తెరుచుకుంటుంది.”

“ఎవరి ఫోన్‌లో మేడమ్?”

తాళం బిగించిన రోజు పంతులమ్మ భర్త, “నీకెందుకీ తలనొప్పి, నేను చూసుకుంటాగా,” అన్నాడు. లోపల్నుంచి తీయడానికి కూడా అంకెలు నొక్కాలి. అవి అతనికి తప్ప ఎవరికీ తెలియవు. కూరగాయలకు వెళ్లాలన్నా అతన్నే అడగాలి. అడగలేక, వెళ్లడమే మానుకుంది.

“మా ఆయన ఫోన్‌లో,” అంది పంతులమ్మ.

“మరి మీరు బయటికి రావాలంటే?”

పక్కనే బీన్స్ ఈనెలు తీస్తున్న అత్తగారి చేతులు ఆగిపోయాయి. ‘మన మంచికే కదా పెట్టాడు’ అని ఇన్నాళ్లూ కొడుకును వెనకేసుకొచ్చింది ఆవిడే. ఇప్పుడు కొడుక్కి ఫోన్ చేసింది.

“ఒరేయ్, తలుపు తియ్.”

“ఎక్కడికమ్మా?”

“ఎక్కడికో చెప్తేగానీ తియ్యవా?”

“మీటింగులో ఉన్నా. వచ్చాక మాట్లాడుకుందాం.” పెట్టేశాడు.

ఆవిడ వెళ్లి తలుపు పిడి పట్టుకుని శక్తికొద్దీ లాగింది. తలుపు ఇసుమంతైనా కదల్లేదు.

సాయంత్రం కొడుకు వచ్చాడు. అతను బూట్లు విప్పి తలుపు మూసేలోపే, తల్లి కుర్చీ ఈడ్చుకొచ్చి సరిగ్గా గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది.

“ఇదేంటమ్మా? తలుపు మూసుకోవద్దూ?”

“మూసుకో. ముందు నన్ను ఎత్తి అవతల పారెయ్.”

“ఎవరైనా చూస్తే నవ్విపోతారు!”

“నవ్వనీరా. పక్కింటివాళ్ల నవ్వు విని ఎన్నాళ్లయిందో.”

అతను భార్యవైపు తిరిగాడు. “ఇదంతా నువ్వు నూరిపోసిందేనా?”

ఆమె కుర్చీ పక్కనున్న సందులోంచి ఒళ్లు ముడుచుకుని బయటపడింది. లిఫ్టు కోసం ఆగకుండా గబగబా మెట్లు దిగింది.

“నెమ్మదిగా రావే! నేనిక్కడే కూర్చుంటా,” అని అత్తగారి కేక పైనుంచి వినిపించింది.

వీధిలోకి వచ్చాక ఎటు వెళ్లాలో తోచలేదు. వీధి చివరిదాకా నడిచింది. అసలే అత్తగారికి నడుం నొప్పి, ఆ కుర్చీలో ఎంతసేపని కూర్చుంటుంది? వెనక్కి తిరగబోయింది. మళ్లీ ఆగి, మనసు చిక్కబట్టుకుని పక్క సందులోకి మళ్లింది.