వాలుగ దవడ

పొద్దున్నే వాకిలి ఊడ్చి, ముగ్గేసి, ఇంత చద్దన్నం తిన్నాక ఈశ్వరి అరుగుమీద కూర్చుని పత్తి ఏకుతుంది. ఎడమచేత గుప్పెడు పత్తి, కుడిచేత వాలుగ చేప దవడ. దవడకున్న సన్నటి పళ్లతో దువ్వితే చెత్తా పొట్టూ రాలిపోయి, పోగులన్నీ ఒక దారికి వస్తాయి. ఆ తర్వాత గింజ తీసి, ఏకులు చుట్టి, రాట్నం మీద వడుకుతుంది. శ్రీముఖలింగానికి ఎగువన, వంశధార ఒడ్డునున్న ఆ ఊళ్లో ఆరిళ్ల ఆడవాళ్లకి ఇదే బతుకుతెరువు. పత్తి ఏకేది మాత్రం ఈశ్వరే. మిగతావాళ్లు వడుకుతారు.

పురుగుమందు కొట్టిన పత్తి తగిలితే ఆ దవడ మూసుకుపోతుంది. రెండు పక్కలూ పట్టకారులా దగ్గరకొచ్చి కరుచుకుంటాయి. చేప చచ్చి ఎన్నేళ్లయినా అంతే. అప్పుడా పత్తిని అవతల పారేసి, దవడని కడిగి ఎండలో పెడితే మధ్యాహ్నానికి తెరుచుకుంటుంది. దానికెవరూ ఆశ్చర్యపోరు. అన్నంలో రాయి తగిలితే ఉమ్మేసినంత మామూలు.

శ్రీకాకుళంలో బట్టలకొట్టు భీమశంకరరావు ఆ దవడని నమ్మే ఆ ఊరి నూలు కొంటాడు. మందు కొట్టని పత్తిబట్ట ఒంటికి మంచిదని పట్నంవాళ్లు కట్టుకుంటారు. అసలు మేలు జరిగేది పొలం పక్కన బతికేవాళ్లకి. మందు పడని చేలో వానపాములుంటాయి. తేనెటీగలు పువ్వుమీద వాలి, తిరిగి గూటికి చేరతాయి. చేను కింద బావినీళ్లు పసిపిల్లలు తాగడానికి పనికొస్తాయి. ఈశ్వరి తమ్ముడు అసిరయ్య చేను కింద అలాంటి బావే ఉంది. ఊరికి పంచాయతీ కుళాయి ఉన్నా, చేని దగ్గరే ఇల్లు కట్టుకున్న అసిరయ్యకి ఆ బావినీళ్లే ఆధారం.

మాఘంలో మొదటి తీత పత్తి అసిరయ్య రెండు గంపల్లో తెచ్చి అక్క అరుగుమీద దించాడు. ఈశ్వరి గుప్పెడు తీసి దవడ ఆనించింది. టక్కున మూసుకుంది.

"ఏట్రా ఇది?"

అసిరయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పాత దవడప్పా. అరిగిపోనాది."

"అరిగింది నీ బుద్ధి. ఎన్నిసార్లు కొట్టావు?"

"మూడు." తలెత్తలేదు. "గులాబీ పురుగు పట్టీసినాదప్పా. ఏపకసాయం కొట్టాను, పేడనీలు కొట్టాను. కల్లముందు కాయలు పుచ్చిపోతంటే సూస్తా కూకోమంటావేటి?"

"నాతో ఓ మాట సెప్పలేకపోనావా?"

"సెప్తే నువ్వేటి సేస్తావు? పురుగుల్ని ఏరతావా?"

ఇంకొకరి పత్తయితే ఈశ్వరి గంపలు వీధిలోకి తన్నేసేది. తల్లి పోయాక ఈ అసిరయ్యని చంకనెత్తుకుని పెంచింది. మందు సంగతి బయటపడితే భీమశంకరరావు నూలు వద్దంటాడు, చేను నిలవదు. ఆమె చీపురుపుల్ల విరిచి, దవడ రెండు పక్కలకీ మధ్య అడ్డంగా పెట్టింది. ఇక అది మూసుకోలేదు.

"నీకు దణ్ణమెడతానప్పా."

"నాకొద్దు. ఆ ఎట్టేదేదో బావికెట్టు."

తప్పని తెలిసి చేసిన పని చేతికి త్వరగా అలవాటవుతుంది. పదిరోజులు తిరిగేసరికి ఈశ్వరి చూడకుండానే పుల్ల పెట్టగలిగింది. బావిగట్టు మీద చచ్చిన తేనెటీగల్ని చీపురుతో ఊడ్చి పోయాల్సొచ్చింది. కప్పల అరుపు లేదు. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన మనిషి అరుగుమీద పత్తి ఏకుతోంది.

అసిరయ్య కూతురు అనూరాధ తొలి కాన్పుకి కోటబొమ్మాళి నుంచి పుట్టింటికి వచ్చి నెల దాటింది. ఎనిమిదో నెల నిండుతోంది. ఒక మధ్యాహ్నం చెంబుతో చేని బావినీళ్లు పట్టుకుని మేనత్త అరుగుమీదకొచ్చి కూలబడింది.

"అత్తా, నువ్వు పత్తి ఏకతంటే సూస్తే నాకు నిద్దరొస్తాది."

"నీకు నిద్దర రానిదెప్పుడే? మీ అత్తోరింట్లో మంచాలు ఊపిరి పీల్సుకుంటన్నాయట."

"పిల్లకి దిండు నేనే కుడతాను. కూసింత ఏకుతాను, ఇలాగియ్యి."

"పిల్లేటే? పిల్లడేమో."

"పిల్లే. నీలాగ నోరున్న పిల్ల."

ఈశ్వరి పొద్దున కడిగి, పుల్ల తీసి ఎండలో పెట్టిన దవడ అప్పుడే తెరుచుకుంది. అనూరాధ వంగలేక వంగి దాన్ని అందుకుంది. చేతిలో ఇంకా పత్తి లేదు. దవడ ఆమె వేలిమీద మూసుకుంది.

"ఓలమ్మో, కరిసీసిందత్తా!" అని నవ్వింది. అత్త మొహం చూశాక నవ్వు ఆగింది. రెండో చెయ్యి దానంతటదే పొట్టమీదకి వెళ్లింది.

ఈశ్వరి ఆ వేలు విడిపించి, చెంబులో నీళ్లు వీధిలో పారబోసి, ఎండలో చేనికి నడిచింది.

"పిల్లని ఈ పూటే అత్తోరింటికి పంపించీ."

"పురిటికొచ్చిన ఆడపిల్లనా?" అసిరయ్య గయ్యిమన్నాడు. "ఊరేటంటాది? ఆల్లేటనుకుంటారు?"

"దవడ దాని యేలు పట్టీసింది రా. కడుపులో బిడ్డ కూడా ఆ బావినీలే తాగతన్నాది."

అసిరయ్య తెల్లగా పగిలిన కాయలకేసి ఒకసారి చూశాడు. తర్వాత, "ఆటో పిలుస్తాను," అన్నాడు.

మర్నాడు ఈశ్వరి బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లింది. కొట్లో బేరాలాడే జనం వింటుండగానే చెప్పింది. "ఈ ఏటి నూలు మంచిది కాదు బాబూ. దవడ మూసుకుంటే పుల్లెట్టి ఏకాను."

భీమశంకరరావు కళ్లద్దాలు తీశాడు. "ఎవరి పత్తి?"

"సెయ్యి నాది బాబూ. పత్తి ఎవులిదైతే ఏటి?"

అతను కేకలెయ్యలేదు. అలమారలోంచి ఆ నూలుతో నేయించిన బట్టలన్నీ స్వయంగా దించి మూటగట్టించాడు. "ఆ నేల బాగుపడ్డానికి మూడేళ్లు పడుతుంది ఈశ్వరమ్మా. అందాకా మీ ఊరి నూలు నా గుమ్మం తొక్కకూడదు."

ఆరిళ్లలో రాట్నాలు అటకెక్కాయి. ఆడవాళ్లు జీడిపిక్కలు కొట్టే పనికి పోయి, ఆ పిక్కల సొనకి వేళ్లు నల్లబడి ఇళ్లకొచ్చేవారు. పక్కింటి ధనలక్ష్మి నడివీధిలో నిలబడి దులిపేసింది. "తమ్ముడి కోసం దొంగపని సేసింది. మేనకోడలి కోసం నిజం సెప్పింది. మా కోసం ఎప్పుడేటి సేసింది?"

అందులో ఈశ్వరికి తప్పుపట్టడానికి ఒక్క మాట లేదు.

కోటబొమ్మాళిలో అనూరాధకి ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువే గానీ గట్టిగా ఏడ్చిందన్నారు. ఇరవై ఒకటో నాడు ఉయ్యాల వేస్తే అక్కాతమ్ముళ్లిద్దరూ వెళ్లారు. కూతురిని పంపేసిన నాటినుంచి అసిరయ్య చేను విడిచి రావడం అదే మొదలు. ఆ బావినీళ్లే తాగుతూ, ఆ పత్తినే పీకి కాలుస్తూ గడిపాడు.

"తెచ్చావా అత్తా?" అంది అనూరాధ.

ఈశ్వరి కొంగుముడి విప్పి దవడ తీసింది. పేరంటాళ్ల మాటలు ఆగాయి. మొదట అనూరాధ వేలికి ఆనించింది. మూసుకోలేదు. తర్వాత పసిదాని పిడికిటికి. పిల్ల ఆ ఎముకని పట్టుకోబోయింది. దవడ తెరిచే ఉంది.

"విస్తళ్లు వెయ్యండి," అంది అనూరాధ అత్తగారు. మళ్లీ మాటలు మొదలయ్యాయి.

అసిరయ్య మొహమంతా నవ్వుతో రెండు చేతులూ చాచి ఉయ్యాల దగ్గరకొచ్చాడు. ఇంకా మూరెడు దూరంలో ఉండగానే ఈశ్వరి చేతిలో దవడ టక్కున మూసుకుంది.

అందరూ విన్నారు. అనూరాధ పిల్లని వెనక్కి తీసుకోలేదు, ముందుకి ఇవ్వనూ లేదు. అసిరయ్య చాచిన చేతులు మెల్లగా దించుకుని, వీపు వెనక్కి పెట్టుకుని, గడప దాకా వెనక్కి నడిచాడు. అక్కణ్ణుంచి మనవరాలిని చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి ఈశ్వరి అతని పక్కకొచ్చింది.

"ఎన్నాల్లప్పా?" అన్నాడు.

"నేలకి మూడేళ్లన్నాడు సావుకారు. మనిషికెంతో ఎవులూ సెప్పనేదు."