అత్తని దాటిన గీత

మీ మంచం ఏ నియోజకవర్గంలో ఉందో ఎప్పుడైనా చూసుకున్నారా?

కుట్టుమిషను కోడలు రోజూ చూసుకునేది. పొద్దున్నే గది ఊడ్చి, గీత ఎక్కడుందో చూశాకే మిషను ముందు కూర్చునేది. రెండు వేళ్ల వెడల్పు తెల్లటి గీత అది. నగరాన్ని రెండు పార్లమెంటు స్థానాలుగా పంచినప్పుడు వాళ్ల గదికీ వంటింటికీ మధ్య పడింది. గది తూర్పు, వంటిల్లు పడమర. రెండువైపులా జనం సమానంగా ఉండాలి కదా, అందుకని తూర్పున ఒకరు పుడితే గీత తూర్పుకి జరిగి, దగ్గరున్న మంచాన్ని పడమరకి ఇచ్చేసేది. పడమరలో పుడితే అటు జరిగేది. వానొస్తే ఆరేసిన బట్టలు తీసుకున్నట్టు, గీత జరిగితే జనం చిరునామా మార్చుకునేవాళ్లు. మంచం జరిపితే చెల్లదు. జనాభా లెక్కలవాళ్లు మంచం కోళ్ల చుట్టూ నేల మీద రంగు పూసి మరీ వెళ్లారు.

గీతకి అందరికన్నా దగ్గరున్నది అత్త మంచం. అత్తకి కిడ్నీలు పాడయ్యాయి. పెద్దాసుపత్రిలో డయాలసిస్‌కి చోటు కావాలంటే సొంత ఎంపీ ఉత్తరం ఉండాల్సిందే. కోడలు ఏడో నెల కడుపుతో తూర్పు ఎంపీ ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. తొమ్మిదో నెలలో గుమాస్తా, బుధవారం సంతకం అవుతుందన్నాడు.

కానుపు వంటింట్లో అయితే గీత అటే పోతుందని అత్తాకోడళ్లు ముందే అనుకున్నారు. కానీ మంగళవారం మధ్యాహ్నం, జాకెట్టుకి చేతులు కుడుతుండగా నొప్పులొచ్చాయి. కోడలు గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది. ఐదో అడుగుకి గడప. పిల్లాడు ఆగలేదు.

పక్కింటి నర్సమ్మ బొడ్డు కోసేలోపే గీత కదిలింది. మంచం కిందనించి పాకి, అవతల ఆగింది.

"వచ్చీ రాగానే నానమ్మని నియోజకవర్గం దాటించాడు. గట్టివాడే," అంది అత్త.

"ఇంకొక్క అడుగు వేయలేకపోయాను అత్తయ్యా."

"నోర్ముయ్. వాణ్ణి ఇటివ్వు ముందు."

బుధవారం ఆ పచ్చి బాలింత వెళ్తే గుమాస్తా కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు, అత్త పేరు కొట్టేశాడు. పడమర ఆఫీసులో మళ్లీ మొదట్నుంచి రాసుకోవాలట. మూడు నెలలు పట్టొచ్చట. డాక్టరు మూడు వారాలకి కూడా హామీ ఇవ్వలేదు.

గీత మీద అభ్యంతరాలు హద్దుల ఆఫీసులో శుక్రవారం ఐదింటిదాకా తీసుకుంటారు. కాగితం మీద ఇద్దరు సాక్షులుండాలి, తూర్పునించి ఒకరు, పడమరనించి ఒకరు. కోడలు పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఆ ఆఫీసు మెట్ల మీదే కూర్చుంది. జాలి వద్దు, చప్పట్లు అసలే వద్దు. లేవండి. వెళ్లి సంతకం పెట్టండి.