మెత్తని పీతలు

తొలకరి పడ్డాక వచ్చే మొదటి ఆదివారం తవిటయ్య కొండవాగుకు పీతలకు వెళ్లి తీరాలి. ఊరి చివర ఇనుము పోతపోసే ఒక చిన్న ఫౌండ్రీలో బొగ్గు కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. హిందీ మాట్లాడే ఆ ఊళ్లో, బారిడీహ్ పేటలోని ఇంట్లో ఆ రోజు భార్య దాలమ్మ పొద్దున్నే పులుసుకు మసాలా నూరి ఉంచుతుంది.

ఈసారి కూతురు రోహిణి కూడా బండెక్కింది. బడిలో సైన్సు చెబుతుంది. వాన నీళ్లు పరీక్షించి పిల్లలకు చూపించాలని, నీటిలో ముంచితే రంగు మారే కాగితాలు సంచీలో పెట్టుకుంది.

వాగు చూడగానే తవిటయ్య ముఖం విప్పారింది. అడుగున గులకరాళ్లు సైతం కనిపించేంత తేటగా ఉంది నీరు.

"సూడమ్మా, అద్దంలాగుంది!"

రోహిణి వంగి నీళ్లలోకి చూసింది. రాళ్ల మీద పాచి లేదు. నత్తలు లేవు. నీటి మీద పరుగులు తీసే పురుగులూ లేవు.

తవిటయ్య మోకాళ్ల లోతులో దిగి రాళ్లు ఎత్తి వెతికాడు. చాలాసేపటికి ఒక పీత దొరికింది. పట్టుకోగానే దాని డిప్ప బొటనవేలి కింద తడిసిన అట్టలా లోపలికి పోయింది.

"కుబుసం ఇడిసినట్టుంది," అని వదిలేశాడు. రెండోదీ అంతే. మూడోది చేతిలోనే చితికిపోయింది. అతను దాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

రోహిణి ముంచిన కాగితం నారింజ రంగుకు తిరిగింది.

"నాన్నా, దేఖో. నీళ్లలో తేజాబ్, అదే ఆమ్లం, ఉంది. పొగ మబ్బుల్లో కలిసి వానతో దిగుతోంది. డిప్ప కట్టుకోడానికి కావాల్సిన సున్నం వీటికి దొరకడం లేదు."

"ఏ పొగ?"

"బొగ్గు పొగ. ట్రక్కులది, ఇటుక బట్టీలది... మీ ఫౌండ్రీది కూడా."

"ఆ కొలిమి కాడ ఒళ్లు కాల్సుకుని నిన్ను సదివించినాను. ఇప్పుడు నానేటి, పీతల్ని సంపినోడినా?"

"నేను అలా అనలేదు నాన్నా."

"అన్నావు," అని గట్టెక్కేశాడు. ఖాళీ బుట్టతో ఇంటికి వస్తే దాలమ్మ నూరిన మసాలా పక్కన పెట్టి పప్పు వండింది. తవిటయ్య సగం తిని లేచిపోయాడు.

రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. మూడో రోజు ఆమె బడికి బయలుదేరుతుంటే గుమ్మం దగ్గర ఆపాడు.

"దీనికి మందేటైనా ఉందా?"

"చలి దేశాల్లో చెరువుల్లో సున్నపురాయి పొడి పోస్తారంట. కానీ వాన మళ్లీ అలాగే కురిస్తే ఏం లాభం?"

ఆ ఆదివారం ఇద్దరూ చెరో సంచీ సున్నపురాయి ముక్కలు మోసుకెళ్లారు. వాగు పక్క పల్లెలో ఉండే సూరజ్ అడ్డొచ్చి, ఏం వేస్తున్నారని నిలదీశాడు. అతని మేకలు తాగే నీళ్లవి. తవిటయ్య సంచీ దించి, తనకొచ్చిన హిందీలో నిదానంగా అంతా చెప్పాడు. పొగ సంగతి చెప్పేటప్పుడు మాత్రం "హమారా ధువా", మా పొగే, అన్నాడు. రోహిణి తండ్రి వైపు చూసింది. బండిలో మిగిలిన మూడో సంచీ మోయడానికి సూరజ్ తనే వచ్చాడు.

వానలు వెనకబట్టే నాటికి, రాళ్లు వేసిన చోట కాగితం ఆకుపచ్చకు తిరిగింది, ఆమ్లం తగ్గినట్టే. అక్కడ రెండు మూడు నత్తలు కనిపించాయి. పై మలుపులో మాత్రం మళ్లీ నారింజే.

"కొండంతా మనం మొయ్యలేం," అన్నాడు తవిటయ్య.

మర్నాడు ఫౌండ్రీ గేటు ముందు టీ కొట్టుకు కూతుర్ని తీసుకెళ్లాడు. షిఫ్టు దిగిన పాత స్నేహితులు చుట్టూ చేరారు. పొగగొట్టానికి పొగ కడిగే యంత్రం ఉందనీ, అది చెడిపోయి ఏళ్లయిందనీ అందరికీ తెలుసు. రోహిణి వాగు గురించి చెప్పింది. పైడిబాబు అనే ఫోర్‌మన్ నవ్వి, "పీతల కోసం మిషన్ బాగుసేయించమంటావేటి మామా?" అన్నాడు.

"పీతలకే అనుకో. నీ మనవలు పీల్సేదీ ఆ గాలే కదేటి?"

పైడిబాబు నవ్వు ఆపి టీ గ్లాసు కింద పెట్టాడు. ఆ వారంలోనే వాళ్లు పదిమంది కలిసి యజమాని గదికి వెళ్లారు. ఒకసారితో పని కాలేదు, మళ్లీ మళ్లీ వెళ్లారు. చలికాలం మధ్యలో యంత్రం తిరగడం మొదలుపెట్టింది. ఊళ్లో మిగతా గొట్టాలు ఎప్పటిలాగే పొగ వదులుతూనే ఉన్నాయి.

మరుసటి తొలకరికి వాగులో తవిటయ్యకు ఒకే ఒక పీత దొరికింది. వేలితో మెల్లగా నొక్కి చూశాడు. డిప్ప కాస్త గట్టిగానే ఉంది. దాన్ని రాయి కింద వదిలేసి, ఒట్టి చేతులతో ఒడ్డుకు వచ్చాడు.