రాఘవేంద్ర తీసేసిన పాత్రలు

కర్మన్‌ఘాట్‌లో ఆ మూడో అంతస్తు ఫ్లాట్లో ఆదివారం భోజనాలయ్యాక సినిమా పెట్టాల్సిందే. రాఘవేంద్ర సోఫాలో కాళ్ళు బారచాపి, రిమోట్ పొట్ట మీద పెట్టుకుని, పేర్లు పడడం అయ్యీ అవకముందే తీర్పులు మొదలుపెట్టేవాడు. కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పే మనిషి. వారమంతా పేపర్లు దిద్దిన చెయ్యి ఆదివారం మాత్రం ఊరుకుంటుందా? "ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ ల్యాగ్." "ఈ చెల్లెలి పాత్ర దండగ. తీసేసినా కథకేం కాదు."

ఆయన తీసేయమన్న పాత్ర లేచి టీవీలోంచి బయటికి వచ్చేసేది.

అలా వచ్చినవాళ్ళకి ఆయన భార్య విజయదుర్గ మంచినీళ్ళిచ్చి, లిఫ్టు పనిచెయ్యడం లేదని చెప్పి, మెట్లదాకా సాగనంపేది. కింది రెండంతస్తుల్లో ఆడపిల్లల హాస్టల్ నడిపే యాదలక్ష్మి వాళ్ళని వంటింట్లో పనికి పెట్టుకునేది. హీరోగారి స్నేహితుడొకడు అక్కడ ఉల్లిపాయలు తరుగుతున్నాడు. రెండు సినిమాల బామ్మలు వంతులేసుకుని చపాతీలు ఒత్తుతున్నారు. ఒకసారి తీసేసినవాళ్ళని మళ్ళీ కథలో పెట్టడం మాత్రం రాఘవేంద్ర వల్ల కాలేదు. ఓ కమెడియన్‌ని తీసేసి, తర్వాత సినిమా చప్పబడిపోయిందని ఎంత బతిమాలినా వాడు మెట్లు దిగిపోయాడు.

"అక్కా, మీ సారుకు జెప్పు, గీసారి జర వంటొచ్చినోళ్ళను తీసేయమను," అనేది యాదలక్ష్మి. "మొన్నొచ్చిన పోలీసాయనకు చారు పెట్టుడు గూడ రాదు."

విజయదుర్గ నవ్వేది. పైకి నవ్వేగానీ లోపల కుతకుతా ఉడికిపోయేది. ఇరవయ్యొక్క ఏళ్ళలో సినిమా ఎలా ఉందని ఆమెని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. తనంతట తాను నోరు తెరిస్తే, "నువ్వు మొదట్నుంచీ చూళ్ళేదుగా," అని కొట్టిపారేసేవాడు. మొదట్నుంచీ చూడాలంటే బజ్జీలు ఎవడు వేస్తాడు?

ఆ ఆదివారం ఆమెకి నాలుగింటికి డెమో క్లాసుంది. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివి, పెళ్ళికి ముందు తెనాలిలో రెండేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ పెట్టిన దశరథ పిలిచాడు. పిల్లల ముందు అరగంట చెప్పాలి, నచ్చితే రేపట్నుంచే క్లాసులు, రాకపోతే ఆ చోటు ఇంకొకరికి. ఆ సంగతి భర్తతో చెప్పి వారమైంది. "చూద్దాంలే," అన్నాడు. చూద్దాంలే అంటే వద్దనేనని తెలియని ఆడది ఆ అపార్ట్‌మెంట్లో లేదు.

మూడుంబావు అయింది. తెర మీద హీరో తల్లి కొడుక్కి అన్నం వడ్డిస్తోంది.

"అసలీవిడెందుకు?" అన్నాడు రాఘవేంద్ర. "వచ్చినప్పుడల్లా వడ్డించడం, కళ్ళు తుడుచుకోవడం. అనవసరమైన పాత్ర."

"ఎడిటింగ్‌లోనే లేపేయాల్సింది, నాన్నా," అంది కూతురు తన్మయి, ఫోన్లోంచి తలెత్తకుండా.

ఆ తల్లి గరిటె గిన్నెలో పెట్టింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని, టీవీ స్టాండు మీంచి మెల్లిగా కాలు కిందికి పెట్టి దిగింది. తెర మీద హీరో కంచం ముందు అలాగే కూర్చున్నాడు. అన్నం గిన్నె పక్కనే ఉంది. వెధవకి పెట్టుకోవడం రాదు.

విజయదుర్గ మంచినీళ్ళు తెచ్చింది. "బాధపడకండి పిన్నిగారూ."

"బాధెందుకమ్మా? ఈ సినిమా ఎన్ని ఇళ్ళల్లో వేస్తే అన్నిసార్లు నిలబడి వడ్డించాను. ఆ మాట పడ్డాకే మోకాళ్ళు తేలికయ్యాయి," అందావిడ.

విజయదుర్గ ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళి టీవీకి అడ్డంగా నిలబడింది. "నాలుగింటికి డెమో. నేను వెళ్ళాలి."

"ఇప్పుడా? నువ్వు చెప్పకపోతే అక్కడ క్లాసు ఆగిపోతుందా?"

"ఇక్కడ మాత్రం నేను లేకపోతే ఏం ఆగుతుంది?"

"ఇక్కడా ఏం ఆగదు." రాఘవేంద్ర ఆమె నడుం పక్కనుంచి తెర చూడ్డానికి మెడ వంచాడు. "నువ్వున్నా లేకపోయినా ఈ ఇంటి కథ నడుస్తుంది. జరుగు."

తన్మయి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకి విజయదుర్గ ఒళ్ళు భగ్గుమంది. చేతిలో ఉన్న గ్లాసు గోడకేసి కొడదామనుకుంది. కొట్టేలోపే కాళ్ళు కదిలాయి. ఆమె కదపలేదు, అవే కదిలాయి. చెప్పుల దగ్గరికి నడిచాయి. తీసేసిన పాత్ర ఎలా నడుస్తుందో ఆమె ఎన్ని ఆదివారాలు చూడలేదూ!

రాఘవేంద్ర కూడా చూశాడు కాబట్టే ఒక్క గెంతులో లేచాడు. రిమోట్ కిందపడింది. "ఏయ్ దుర్గా, ఆగు! ఏదో మాటవరసకి అన్నాను."

"ఇన్నాళ్ళూ మీరన్నవన్నీ మాటవరసకే. వాళ్ళంతా నిజంగానే పోయారు."

"నేను వెనక్కి తీసుకుంటున్నా కదా!"

ఆమె అప్పటికే సినిమా తల్లి చెయ్యి పట్టుకుని రెండో అంతస్తు దాటింది. కింద యాదలక్ష్మి ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"ఏందక్కా, నిన్ను గూడ తీసేసిండా?"

"తీసేశాడు."

"మంచిగైంది. పా, ఆటో పిలుస్త. పెద్దమ్మా, నువ్వీడ కూసో. ఈడ ఎవలు వడ్డించరు, ఎవల కంచంల ఆళ్ళే ఏసుకుంటరు."

దశరథ కోచింగ్‌లో అరవై మంది పిల్లలు. విజయదుర్గ శాతాలు చెప్పింది. కోపం ఇంకా దిగలేదు, గొంతులో ఖణేల్మంటూనే ఉంది. రెండు చాక్‌పీసులు విరిగాయి. ఎవరూ ఫోన్ తీయలేదు. అరగంట కాస్తా గంటుంబావు అయ్యింది, అయినా వెనక బెంచీవాళ్ళు ఇంకో లెక్క చెప్పమన్నారు. ఆమె బ్యాగులో ఫోన్ పద్నాలుగుసార్లు మోగి ఆగిపోయింది.

దశరథ ఆమెని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. రిజిస్టర్లో పేరు రాస్తూ ఆగాడు.

"ఏం అనుకోకుండ్రి మేడం, లేడీస్‌ని అందర్నీ అడుగుత. నాలుగు దినాలు చెప్పినంక మా ఆయన వద్దన్నడని ఫోన్ చేస్తరు, నాకు పరేషాన్. ఇంట్ల సారు ఒప్పుకున్నడా?"

"ఆయనే పంపించారండి," అంది విజయదుర్గ. "రేపు ఎన్నింటికి రమ్మంటారు?"