నాలుగు గొట్టాలు

ఆ పొద్దున పొయ్యి మీద మూకుడు పెట్టి ఇసుక వేయిస్తున్నాను. అత్తమ్మ తొంగి చూసి, మరమరాలు ఏవని అడిగింది. లేవు, ఉత్త ఇసుకే అన్నాను. ఇనుప గొట్టాన్ని కాల్చి వంచేటప్పుడు అది నలిగిపోకుండా లోపల ఇసుక దట్టిస్తాం. ఇసుకలో తడి మిగిలితే అది ఆవిరై, గొట్టం మూతికి కొట్టిన బిరడా ఎగిరొచ్చి మొహానికి తగులుతుంది. అందుకే బాగా ఆరేదాకా వేయించాలి. అత్తమ్మకు ఇదంతా తెలుసు. అయినా "కూర వండే మూకుట్ల గిదేం పనే" అని గొణిగి, కడిగి బోర్లించమని చెప్పి పోయింది.

మాది జనగామలో వెల్డింగ్ షాపు. ముందు షాపు, వెనక ఇల్లు. బోర్డు మీద మా ఆయన కరుణాకర్ పేరుంటుంది. ఆయన గేట్లు, ట్రాక్టర్ ట్రాలీలు చేస్తాడు. లావు ఇనుము మీద మంచి చెయ్యే, కాదనను. పలచటి గొట్టాల పని మాత్రం నా దగ్గరికే వస్తుంది. మా బాపు కనకయ్యకు నర్సింహులపేటలో ట్రాక్టర్ సైలెన్సర్లు అతికే కొట్టు ఉండేది. బడి నుంచి వచ్చి ఆయన పక్కన కూచుని నేర్చుకున్నాను. పెళ్ళయిన కొత్తలో ఇక్కడ షాపు ముందు కూచుని ఒక సైలెన్సర్ అతికితే, బస్సు కోసం నిలబడ్డ వాళ్ళంతా చుట్టూ మూగారు. మర్నాటికల్లా మా ఆయన షాపు వెనక భాగానికి అడ్డంగా రేకు కొట్టాడు. నా మంచికే అన్నాడు. అప్పటి నుంచి నా పని రేకు వెనక. మంట వెలుగు తగిలి కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారే రోజున చుట్టాలెవరైనా వస్తే, తల్లిగారింటి మీద బెంగ పెట్టుకుందని చెప్తుంది అత్తమ్మ. వాళ్ళు నన్ను ఓదారుస్తారు. నేను ముక్కు తుడుచుకుంటూ వాళ్ళకు చాయ్ పెడతాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నెలనెలా ఆ రోజుల్లో నేను వంటింట్లోకి పోకూడదు. పచ్చడి జాడీ ముట్టుకుంటే బూజు పడుతుందట. వెల్డింగ్ మిషను మాత్రం ముట్టుకోవచ్చు. నడుం పట్టుకుని ఆ రోజుల్లో ఎన్ని గ్రిల్లులు అతికానో. ఇనుముకు బూజు పట్టదు కాబట్టి కాబోలు.

ఈ గొట్టాలు రఘునాథ్ సేటు పాత ఫియట్ కోసం. పత్తి వ్యాపారం వాళ్ళది. ఆయన తాత నడిపిన కారు అది. ఇంజన్ నుంచి పొగను బయటకు తెచ్చే పోత ఇనుము భాగం పగిలిపోయింది, అలాంటిది ఇప్పుడు దొరకదు. ఒక్కో సిలిండర్‌కు ఒకటి చొప్పున నాలుగు గొట్టాలు, నాలుగూ చివరకు ఒకటయ్యేలా చేత్తో కట్టాలి. దాన్ని హెడర్ అంటారు. హైదరాబాద్‌లో చేయించుకుంటానని సేటు అంటుంటే, బండి జనగామ దాటే పనే లేదని మా ఆయన మాటిచ్చేశాడు. ఇచ్చి, లోపలికొచ్చి నా మొహం చూశాడు.

నిజం చెప్తున్నా, ఆ పని చేసినన్నాళ్ళూ నేను ఎంత సంతోషంగా ఉన్నానో. స్టీరింగ్ కడ్డీకి తగలకుండా ఒక గొట్టాన్ని పక్కకు తిప్పాలి. తిప్పితే అది పొడుగవుతుంది. నాలుగూ ఒకే పొడుగుంటేనే ఇంజన్ హాయిగా ఊపిరి వదులుతుంది. కాబట్టి తక్కిన మూడింటికీ వంపులు పెంచాలి. పప్పుకు తాలింపు వేస్తూ ఆ వంపులే ఆలోచించాను. ఉప్పు రెండుసార్లు పడి తిట్లు తిన్నాను, అయినా నవ్వొచ్చింది. మా ఆయన మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు కారు కిందికి దూరి కొలుచుకున్నాను. చివరికి గొట్టాల మూతులను ఇంజన్‌కు బిగించే పట్టీకి చుక్కలు చుక్కలుగా అతికి, ఆ పట్టీని ఒక లావు ఇనుప దిమ్మకు బోల్టులేసి బిగించాను. దిమ్మ మీంచి తీయకు, విడిగా ఉంటే వేడికి పట్టీ వంగుతుంది, కొంచెం కొంచెంగా నేనే అతుకుతా అని మా ఆయనకు చెప్పాను. నాకు తెల్వదా అన్నాడు.

మర్నాడు సేటు ఇద్దరు దోస్తులను వెంటబెట్టుకొచ్చాడు. పని జరుగుతుండగా ఫోన్లో వీడియో తీయాలట. నేను రేకు వెనకే ఉన్నాను. దిమ్మ అడ్డమొచ్చి గొట్టాలు సరిగ్గా కనబడటం లేదని ఎవరో అన్నారు. మా ఆయన బోల్టులు ఊడదీస్తున్న చప్పుడు వినబడింది. తర్వాత వెల్డింగ్ మొదలైంది. లావు ఇనుప గేటుకు పెట్టే ఎక్కువ కరెంటే పెట్టాడని ఆ చిటపటలోనే తెలిసిపోయింది. ఎక్కడా ఆగకుండా ఈ చివర నుంచి ఆ చివరకు లాగేశాడు.

చల్లారాక కారుకు బిగించి స్టార్ట్ చేశారు. వంగిన పట్టీ సందుల్లోంచి పొగ, టప్ టప్ మని మోత. దోస్తులు ఫోన్లు దించేశారు. బండిని హైదరాబాదే పంపిస్తానన్నాడు సేటు. అప్పుడు మా ఆయన గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆడోళ్ల చెయ్యి తగిలింది సేటు. మా ఇంట్లామె ముట్టుకోరాని రోజులల్ల ముట్టుకున్నది. గందుకే గిట్లయింది."

రేకు ఇవతల నా ఒళ్ళంతా మండిపోయింది. ముగ్గురు పరాయి మగవాళ్ళ ముందు నా ఒంటి సంగతి చెప్పాడు. అదీ అబద్ధం. ముందు సిగ్గు ముంచుకొచ్చింది, ఆ సిగ్గు నాకెందుకని మళ్ళీ కోపమొచ్చింది. బాగున్న పనంతా ఆయనది. చెడిందంటే చాలు, నాకూ ఒక చెయ్యి ఉందని గుర్తొస్తుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎవరో నా నాలుగు గొట్టాలనూ కోసి తుక్కులో పారేస్తారు. ఏడుపొచ్చింది మాత్రం దానికే.

నల్లద్దం ముసుగు చేతబట్టుకుని బయటికి వచ్చాను.

"గొట్టాలు మంచిగనే ఉన్నయి సేటు. అవి నేను చేసినయి. పట్టీ ఒక్కటే వంగింది, దిమ్మ మీంచి తీసిండ్రు కాబట్టి. దాన్ని కోసి, సాపు జేసి మళ్ల అతుకుత. ఈడనే, మీ ముంగటనే."

లోపలికి పొమ్మని మా ఆయన కళ్ళతో సైగ చేశాడు. సేటు ఆయన వైపు చూసి, నా వైపు చూసి, కుర్చీ లాక్కుని కూచున్నాడు.

పట్టీ కోసి తీసి, సుత్తితో సాపు చేసి, దిమ్మకు బిగించేసరికి పొద్దు నడినెత్తి దాటింది. షాపు ముందు పీట వేసుకుని కూచున్నాను. మిషను మీద గేటు కరెంటే ఉంది.

"జర కరెంటు తగ్గియ్యి," అన్నాను మా ఆయనతో, అందరికీ వినబడేలా.

ఈ షాపులో పని చెప్పేది ఎప్పుడూ ఆయనే. సేటు వైపు ఒకసారి చూశాడు. తర్వాత మిషను దగ్గరికి పోయి, తగ్గించాడు.

"ఇంకా," అన్నాను.